బాలింత బట్టలు

ఫోన్ ఎత్తగానే మా చెల్లెలి అత్త అరుణమ్మ బాగున్నావా అని కూడా అడగలేదు. "సమతా, సింధుకు నువ్వు జిప్పుల కుర్తీలు కుట్టినవు గదా, అవి ఎన్నున్నయి?" అంది.

కుట్టుమిషన్ మీద నా కాలు ఆగింది. మొయినాబాద్‌లో మెయిన్ రోడ్డు పక్క సందులో నాదొక లేడీస్ టైలర్ షాపు. ముందు గదిలో మిషన్లు, వెనక రెండు గదుల్లో కాపురం. పొద్దున లేచింది మొదలు ఫోన్లే. జాకెట్ అయిందా, ఫాల్ కుట్టావా, రేపటికి ఇస్తావా. అన్నింటికీ ఓపికగా అబద్ధాలు చెప్తాను. ఈ ఫోన్‌కు మాత్రం నిజమే చెప్పాను.

"ఐదున్నయి. ఎందుకత్తమ్మా?"

"ఊకనే పెట్టెల పడి ఉన్నయి గదా బిడ్డా. మా పింకీకి పనికొస్తయి. జర నడుము కాడ వదులు చేసి తొట్టెల దినం పట్టుకరా."

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆటో నడిపే మా ఆయన శశిధర్ అంటాడు. నిజానికి అది ముక్కు దాకా పోదు, నాలుక మీదే ఉంటుంది. ఆ రోజు మాత్రం నాలుక పెగల్లేదు. పుండు మీద కారం చల్లుతూ, ఆ కారం కూడా మీ ఇంటి నుంచే తెమ్మన్నట్టు ఉంది ఆమె అడగడం.

సింధుజ నా చెల్లెలు. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే, చేవెళ్లలో అరుణమ్మ కొడుకు కుమార్‌కు ఇచ్చి పెళ్లి చేసింది నేనే. ఆ ఇంట్లో కోడలూ ఆడబిడ్డా ఒకే ఏడు కడుపుతో ఉన్నారు. తొలి కాన్పని ఆడబిడ్డ పింకీ తల్లిగారింటికి చేవెళ్ల వచ్చింది. మా సింధుకు తల్లి లేదు కాబట్టి నా ఇల్లే తల్లిగారిల్లని మొయినాబాద్ వచ్చింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కడుపులో బిడ్డ నేల మీద పడేదాకా ఆ బిడ్డ పేరున గుడ్డముక్క కొనరు, కుట్టరు. పుట్టాక కూడా మొదట ఎవరి పిల్లలదో పాత బట్ట తొడుగుతారు. దర్జీదాన్ని అయ్యుండి కూడా నేను ఒక్క జుబ్బా కుట్టలేదు. చేతులు దురద పెట్టినా కుట్టలేదు. బిడ్డకు కుట్టొద్దన్నారు గాని, తల్లికి కుట్టొద్దని ఎవరూ అనలేదు కదా! నా ముచ్చటంతా తల్లి బట్టల మీద తీర్చుకున్నాను.

కనకమామిడి దగ్గర విల్లాలో ఉండే సుబ్బలక్ష్మిగారు ఒకసారి వాళ్ల కోడలు ఆద్య కుర్తీ తెచ్చి, "ఇలాంటివే ఇంకో రెండు కుట్టి పెట్టమ్మా, పాపకి పాలివ్వడానికి వీలుగా ఉంటుందంట" అన్నారు. రొమ్ముల మీదుగా నిలువునా దిగే రెండు కుట్లలో రెండు జిప్పులు దాచి ఉన్నాయి. బయటికి మామూలు కుర్తీయే. ఆఫీసుకు పోవచ్చు, పెళ్లికి పోవచ్చు. సింధు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "అక్కా, నాకు గూడ గిసొంటివే కుట్టు. బాలింత అంటే పాత నైటీ ఏసుకొని, చెవుల దూది పెట్టుకొని, మూలకు కూసునుడేనా? నేనైతే మంచిగ తయారై కూసుంట. సూడవచ్చినోళ్లు పిల్లను సూడాల్నో నన్ను సూడాల్నో తెల్వద్దు" అంది.

మెత్తటి రేయాన్ తెచ్చి ఐదు రంగుల్లో ఐదు కుట్టాను. ఏడో నెల కడుపుతో అది అద్దం ముందు కూర్చుని, దిండును ఒళ్లో పడుకోబెట్టుకుని, ఒక్క చేత్తో జిప్పు తీయడం నేర్చుకునేది. మొదట్లో ఇరుక్కుపోయేది. తర్వాత దాని చెయ్యి తిరిగింది. "సూడక్కా, ఇది ఏడ్వకముందే తీసేస్త" అని దిండు నెత్తి మీద ముద్దు పెట్టేది. నేను నవ్వి నవ్వి సూదికి దారం ఎక్కించలేకపోయేదాన్ని.

ఆ నెల దాటకముందే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. పట్నంలో పెద్ద దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. నా అరచేయి, పైన ఇంకాస్త, అంతే ఉండేది పిల్ల. సింధు కింద వార్డులో కూర్చుని పాలు పిండి చిన్న సీసాలో పోసి ఇస్తే, నర్సు పైకి తీసుకుపోయి గొట్టంతో పట్టేది. రొమ్ముకు మాత్రం ఒక్కసారి కూడా పెట్టలేదు. బరువు పెరగాలి, ఆ తర్వాత అన్నారు. ఆ తర్వాత అనేది రాలేదు.

ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెట్టాలి. ఆ రోజు ఇంకా రాకముందే పోయింది. తొట్టెల ఎక్కని బిడ్డకు పేరుండదు, పేరు లేని బిడ్డ ఇంటి లెక్కలోకి రాదు. కుమార్, మా ఆయన తీసుకుపోయి చేవెళ్లలో వాళ్ల చేను గట్టున పూడ్చి వచ్చారు. సింధును రానియ్యలేదు. పిల్ల ఒంటి మీద ఉన్నది దవాఖానవాళ్ల తువ్వాలే. పద్ధతి అంత నిష్ఠగా పాటించాం మేము.

పాలు ఆగడానికి డాక్టరమ్మ మాత్రలు రాసింది. మల్లెపూలు కడితే ఇంకా తొందరగా ఇంకిపోతాయని పక్కింటామె చెప్పింది. మా ఆయన చిల్కూరు గుడి దగ్గర మూరలకు మూరలు కొంటుంటే, "ఇంట్ల ఫంక్షనా అన్నా?" అని పూలామె అడిగిందట. ఇంటికి వచ్చి పూల పొట్లం నా చేతిలో పెట్టి, ఆటోలో కూర్చుని ఏడ్చాడు. ఆ పూలు దాని గుండెల మీద పరిచి, నా పాత చీర చింపి గట్టిగా బిగించి కట్టాను. అది కిక్కురుమనలేదు. అప్పటి నుంచీ ఏడవలేదు కూడా. నాకు భయమేసింది దానికే.

ఇప్పుడు పింకీకి కొడుకు పుట్టాడు. వాడి తొట్టెలకు మమ్మల్ని రమ్మంటున్నారు, బట్టలు తెమ్మంటున్నారు.

"ఇంకో మాట," అంది అరుణమ్మ ఫోన్‌లో. "సింధుకు పెండ్లి చీర కట్టి తోలుకరా. కొత్త పెండ్లికూతురు లెక్క ఉండాలె. పింకీ అత్తగారోళ్లకు కడుపు నిలువలేదనే చెప్పినం, కాన్పయిందని చెప్పలే. తొట్టెల కాడ గసొంటి ముచ్చట మంచిది గాదు. ఫికర్ చెయ్యకు, రెండేండ్లకు మల్ల అయితరు పిల్లలు."

నేను పెట్టేసిన ఫోన్ మిషన్ మీద నుంచి జారి గుడ్డపీలికల్లో పడింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో సింధు. మాటలన్నీ వింది. ఆ అత్తమ్మ మెల్లగా మాట్లాడటం ఈ జన్మలో నేర్చుకోలేదు.

"పెండ్లి జాకెట్ తియ్యక్కా, ఏసుకొని సూస్త," అంది సింధు.

వేసుకుంది. పట్టలేదు. ముందు హుక్కులకు, కాజాలకు మధ్య నాలుగు వేళ్ల జాగా. టేపు పెట్టి కొలిచాను. పెళ్లప్పుడు నేను కొలిచిన ఒళ్లు కాదది. నడుము కింద చర్మం వదులైంది, రొమ్ములు బరువెక్కాయి, పొట్ట మీద చారలు. ఇంట్లో అందరూ ఏమీ జరగలేదంటున్నారు గాని, ఆ ఒంటికి ఎవరూ చెప్పినట్టు లేరు. పక్క కుట్లు విప్పుదామని బ్లేడు తీసుకున్నాను.

"విప్పకు," అంది అది.

"విప్పకుంటె ఎట్ల పడుతదే?"

పెట్టె తెరిచి కుర్తీలన్నీ బయటికి తీసింది. నాలుగింటిని మడతపెట్టి నా ముందు పెట్టింది. "ఇవి వదులు చెయ్యి. ఆమెకు పిల్లగాడు ఉన్నడు, ఆమెకు అవసరం. ఇది మాత్రం ఇయ్య. ఇది నేనే తొడుక్కొని వస్త." ఐదోది కుంకుమరంగు కుర్తీ, మెడ చుట్టూ సన్నటి జరీ వేసి నేను ఇష్టంగా కుట్టింది.

నా నాలుక అప్పుడు లేచింది. "నీకేమన్న పిచ్చా? నలుగురు నాలుగు మాటలంటరు. పాలిచ్చే అంగీ తొడుక్కొని ఒడి ఖాళీగ పెట్టుకొని పోతవా? పింకీకి దిష్టి పెట్టనీకి వచ్చిందంటరు. నేను పోనియ్య."

"అక్కా, నేను కన్న," అంది. కోపంగా అనలేదు. నాకు తెలియని సంగతేదో చెప్తున్నట్టు అంది. "పోయింది, గని కన్న. కడుపు నిలువలేదని చెప్పిరంట. నిలువకుంటె నా బిడ్డ ఎక్కడికెల్లి వచ్చింది? దాని కండ్లు నేను సూసిన. కనని దాని లెక్క తయారై నేనెట్ల కూసోవాలె? ఒక్క పూట అక్కా. పదిమందిల ఒక్క పూట కన్నతల్లి లెక్క కూసుంట. గంతే."

దానికి కావలసింది అంతే. నాకైతే ఆ పూట గడిచి అది క్షేమంగా ఇంటికి వస్తే చాలనిపించింది. వాదించి గెలవలేక నాలుగు కుర్తీల నడుములు వదులు చేశాను. విప్పిన ప్రతి కుట్టుకూ అరుణమ్మను ఒక తిట్టు తిట్టాను.

తొట్టెల రోజు మా ఆయన ఆటోలో చేవెళ్ల పోయాం. సింధు తలంటుకుని, జడ వేసుకుని, కుంకుమరంగు కుర్తీ తొడుక్కుని, మీద చున్నీ కూడా వద్దంది. బాగుంది.

వాకిట్లో షామియానా. గేటు దగ్గర కుమార్ కుర్చీలు వేయిస్తున్నాడు. పెళ్లాన్ని చూశాడు, కుర్తీని చూశాడు. ఆ దిండాట రోజుల్లో మేం పంపిన వీడియో ఫోన్‌లో చూసి నవ్వినవాడే, గుర్తుపట్టకుండా ఉంటాడా! "వచ్చిండ్రా వదినా" అని నాతో అన్నాడు. దాని వైపు చూడలేక మళ్లీ కుర్చీల మీద పడ్డాడు. ఆదివారం ఆదివారం మా ఇంటికి ద్రాక్షపండ్లు తెచ్చి, గంటసేపు ఫోన్ చూసుకుని పోయే మనిషి. మొగుడు ఉన్నాడంటే ఉన్నాడు.

అరుణమ్మ మమ్మల్ని చూసి, చేతిలో గుగ్గిళ్ల తాంబాళంతోనే వచ్చి నన్ను వంటింట్లోకి లాగింది. సింధు వెనకే వచ్చింది.

"చీర కట్టి తెమ్మన్న గదా నిన్ను?"

"పట్టలే అత్తమ్మా," అన్నాను. "కన్న ఒళ్లు. పెండ్లి జాకెట్ల ఎట్ల పడుతది?"

"మెల్లగ మాట్లాడు!"

"ఎందుకు మెల్లగ? మీ ఇంటి బిడ్డనే గదా కన్నది? దొంగతనం చేసిందా? పుట్టిన పిల్లను పుట్టలేదని చెప్పనీకి మీకు నోరెట్ల వచ్చింది?"

అరుణమ్మ తాంబాళం గట్టు మీద పెట్టింది. ఆమె అరుస్తుందనుకున్నాను. ఆ మనిషి గొంతు అంత కిందికి దిగడం అదే మొదటిసారి విన్నాను. "సమతా, కుమార్ కంటే ముందుగాల నాకు ఇద్దరు పోయిండ్రు. ఒకడు తొట్టెల దాక రాలే. ఒకతి కండ్లే తెరువలే. మూన్నాళ్లు తిరగకముందే మా అత్త నన్ను నాట్లకు తోలింది. ఎవ్వలన్న ఆ ముచ్చట ఎత్తిండ్రా? ఎత్తలే. ఎత్తకుంటనే మర్సిన. ఇది గూడ మర్సిపోతది. దాని మంచికే చెప్తున్న. తొట్టెల దగ్గరికి రానియ్యకు, ఎనక గదిల కూసోమను."

సింధు అత్త ముఖంలోకి చూసి, పోయి వెనక గదిలో మంచం మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

బయట పాటలు మొదలయ్యాయి, తెరిచిన తలుపులోంచి తొట్టెల కనిపిస్తోంది. పింకీని పట్టుచీరలో ముస్తాబు చేశారు. వీపంతా తెరిచి, మగ్గం వర్క్ చేసి, వెనక హుక్కులు పెట్టి, దారాలతో బిగించిన జాకెట్. చేవెళ్లలో ఎవరో కుట్టారు, నేను కుట్టుంటే బాలింతకు వెనక హుక్కులు పెడతానా? పిల్లవాడిని తొట్టెలలో వేసి రెండు ఊపులు ఊపారో లేదో అందుకున్నాడు ఏడుపు. పాట ఆగింది. అమ్మలక్కలు తలా ఒకసారి ఎత్తుకున్నారు. వాడికి ఆకలి. పింకీ చీర సర్దుతుంది, దారం లాగుతుంది, ముడి ఇంకా బిగుసుకుంటుంది. వాడు ఏడ్చి ఏడ్చి ఎర్రగా అయిపోయాడు.

ఆ ఏడుపుకు నా పక్కన సింధు ఊపిరి బిగపట్టింది. తిరిగి చూశాను. కుంకుమరంగు కుర్తీ మీద రెండు చోట్ల తడి పాకుతోంది. మాత్రలూ మల్లెపూలూ కలిసి కూడా ఆపలేకపోయాయి. ఎవరి బిడ్డో ఏడిస్తే దానికి పాలు వచ్చాయి. నేను నా కొంగు విప్పి కప్పబోయాను. అది నా చెయ్యి పక్కకు పెట్టి లేచింది.

నేరుగా వాకిట్లోకి పోయి పింకీ చెయ్యి పట్టుకుంది. "రా, లోపటికి రా. వాన్ని పట్టుకో, పడెయ్యకు." పింకీ ఏడుస్తూ వెంట వచ్చింది. గదిలో సింధు ఆ దారం పళ్లతో కొరికి తెంపి, హుక్కులు తీసి జాకెట్ విప్పింది. నేను తెచ్చిన కుర్తీల్లోంచి నీలంది తీసి పింకీ తల మీదుగా తొడిగింది. మంచం మీద కూర్చోబెట్టి, వీపు వెనక దిండు పెట్టి, పిల్లవాడిని ఒళ్లో సర్దింది.

"ఎడమ చేతిల తల పెట్టుకో. కుడి చేత్తోని ఈడ పట్టుకొని కిందికి గుంజు. మెల్లగ. వాని చెంపకు తాకకుంట ఏలు అడ్డం పెట్టు. గిట్ల. ఆఁ, అయిపాయె."

పిల్లవాడు రొమ్ము అందుకున్నాడు. గదిలో ఏడుపు ఆగి, గుటకల చప్పుడు మిగిలింది.

"నీకెట్ల తెలుసు వదినా?" అంది పింకీ. అని నాలుక కరుచుకుంది.

"నేర్చుకున్న," అంది సింధు. ఆ చెయ్యి ఇంకా పింకీ మోచేతి కిందే ఉంది. దిండు మీద నేర్చుకున్న విద్య, నిజమైన పిల్ల నోటికి ఒక్కసారైనా అందించలేకపోయిన విద్య, తీసుకొచ్చి ఆడబిడ్డ ఒళ్లో పెట్టింది. నేను గోడ వైపు తిరిగాను.

అంతలో పింకీ మొగుడి నాయనమ్మ బాలనర్సమ్మ కర్ర పొడుచుకుంటూ లోపలికి వచ్చింది. కంటి ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకుంది. మనవడి కొడుకు తాగుతున్నాడని చప్పుడును బట్టి తెలుసుకుని నవ్వి, మంచం అంచు మీద తడుముకుంటూ కూర్చుంది. చెయ్యి సింధు భుజానికి తగిలింది.

"ఈ పిల్ల ఎవలు?"

అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అరుణమ్మ గబగబా అంది. "నా కోడలు అత్తా. కుమార్ పెండ్లాం. ఇంకా పిల్లలు కాలేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లు సింధు కుర్తీ మీది తడి మీదే ఉన్నాయి.

సింధు తల ఎత్తింది. "అయింది అవ్వా," అంది. "ఆడపిల్ల. ఏడో నెలల పుట్టింది. పోయింది."

పింకీ పిల్లవాడిని దగ్గరికి అదుముకుంది. ఇక ముసలామె దిష్టి అంటుందో, అశుభం అంటుందో, అంటే మాత్రం ఆ కర్ర నా చేతిలోకి వస్తుందని నిలబడ్డాను.

బాలనర్సమ్మ సింధు చెయ్యి వెతికి పట్టుకుంది.

"పాలు మంచిగ పడ్డయా బిడ్డా?" అని అడిగింది.

బాలింతను చూడటానికి వచ్చినవాళ్లెవరైనా ముందు అడిగేది అదే. పింకీని ఆ పొద్దుటి నుంచి ఎంతమంది అడిగారో! మా సింధును మాత్రం దవాఖాన నుంచి వచ్చాక ఒక్కరు కూడా అడగలేదు. పాలు ఆగాయా అనే అడిగాం అందరం.

సింధు నోరు తెరిచింది. అన్నాళ్లుగా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. "పడ్డయ్ అవ్వా," అంది వెక్కుతూ. "మస్తు పడ్డయ్. నా బిడ్డ ఉన్నన్ని దినాలు దానికి నేనేం తక్కువ చెయ్యలే."

"ఎందుకు చేస్తవు? తల్లివి గదా," అంది బాలనర్సమ్మ, దాని తల తన భుజం మీద పెట్టుకుంటూ.

గుమ్మం దగ్గర ఏదో చప్పుడైంది. అరుణమ్మ గోడకు ఆనుకుని కిందికి జారి, గడప మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగడం లేదు.

"ఎవలది? అరుణమ్మ నువ్వేనా? నువ్వెందుకు ఏడుస్తున్నవు?" అంది ముసలామె.

"నాకు గూడ పడ్డయ్ అత్తా," అంది అరుణమ్మ. "ఇద్దరప్పుడు పడ్డయ్. నన్నెవ్వలు అడగలే."

సింధు ముఖం తుడుచుకుని, మంచం మీద కొంచెం పక్కకు జరిగి, ఆమెకు చోటిచ్చింది.